ఆప్తులెవరు?

ఒక విషయమును గూర్చి నిజము తెలిసికొనవలెనన్న నెవరి నడుగవలయును? దానిని చదివినవారినా, దూరమునుండి చూచినవారినా, అనుభవించినవారినా? ఈ ప్రశ్న పైకి తార్కికుల వినోదమువలె గనబడును గాని నిజమునకు గృహస్థులందఱకును నిత్యము తటస్థపడుచుండునదే. బిడ్డకు జ్వరము వచ్చినపుడు వైద్యుని పిలిపింతుము. కాని నొప్పి యెక్కడ నున్నదో బిడ్డనే యడుగుదుము. వైద్యు డెంత చదువరియైనను రోగితో నొకమాటయైన నాడకయే మందు వ్రాసి యిచ్చినచో నతనియెడల మనకు నమ్మకము కుదురదు. ఇంత సామాన్యమైన ధర్మమును లోకము ఒక్క విషయమున మాత్రము చిరకాలము మఱచియుండెను. ఆ విషయము మనుష్యుడు తన ప్రాణమును దానే తీసికొనుట.

ఆత్మహత్యను గూర్చి గ్రంథములు కలవు, గణాంకములు కలవు, చట్టములు కలవు, ధర్మశాస్త్రవాక్యములును గలవు. ఇవి దాదాపుగా నన్నియు నితరులు వ్రాసినవే. చావవలెనను తలంపుతో రాత్రులు గడిపినవారు, ప్రయత్నించి బ్రతికి బయటపడినవారు, అట్టివారిని కంటికి ఱెప్పవలె గాచినవారు, కాచియు దక్కించుకొనలేక మిగిలిపోయినవారు, ఈ నాలుగు తెగలవారును మన నడుమనే యున్నారు. వీరిని మే మీ వ్యాసమున అనుభవసాక్షులని పిలిచెదము. ఆత్మహత్యను నివారించు మార్గములను వెదకు పరిశోధనలో వీరికి స్థానము కలదా? కలదేని యది యెట్టిది? ప్రశ్నలకు బదులు చెప్పువారి స్థానమా, ప్రశ్నలను నిర్ణయించువారి స్థానమా? ఇది శాస్త్రసంబంధమైన ప్రశ్న మాత్రమే కాదు, ధర్మసంబంధమైన ప్రశ్నయు నని మా తలంపు.

మొదట మన దేశపు స్థితిని జూతము. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించిన లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున భారతదేశములో 1,70,924 మంది యాత్మహత్యవలన మరణించిరి. ఆ పట్టికలలో కారణములును గలవు. నూటికి 31.7 మరణములకు కుటుంబసమస్యలు, 18.4 మరణములకు వ్యాధులు కారణములట. ఈ కారణములను వ్రాసిన దెవరు? పోలీసు ఠాణాలోని యుద్యోగి. ఎవరు చెప్పగా వ్రాసెను? దుఃఖములో మునిగి, కేసు లేమి వచ్చునో యని వడకుచున్న యింటివారు చెప్పగా వ్రాసెను. తెలుగు పత్రికలు చదువువారందఱు నొక వాక్యము నెఱుగుదురు: కడుపునొప్పి భరింపలేక ఫలానివారు ప్రాణము తీసికొనిరి. నిజముగా కడుపునొప్పితో బాధపడినవారును గలరేమో. కాని యా యొక్క మాట వెనుక నెన్ని యప్పులు, ఎన్ని కట్నపు వేధింపులు, ఎన్ని చెప్పుకొనరాని యవమానములు దాగియున్నవో యా యింటిగోడలకే తెలియును. ఒక్కొక్క మరణమునకు నొక్కొక్క కారణమును గడిలో నింపినంతనే లెక్క పూర్తియైనది; నిజము మాత్రము గడి వెలుపలనే నిలిచిపోయినది.

మన భాషయు నీ మౌనమునకు దోడ్పడినది. ఆత్మహత్య యను మాటలోనే హత్య యున్నది. హత్య యున్నచోట హంతకు డుండవలెను గదా. ఇచ్చట చనిపోయినవాడే హంతకుడు. కావుననే యేడ్చుటకు వచ్చినవారును కొంత సంకోచముతో నేడ్తురు. వాడుకలో ‘అఘాయిత్యము చేసికొన్నది’ అందురు. అఘాయిత్యమనగా దుడుకుపని, దుండగము. వేదన గాని వ్యాధి గాని యా మాటలో లేదు. నింద మాత్రమే కలదు. ‘బలవన్మరణము’ అను మాట కొంత మేలు. ఏదో యొక బలము వెనుకనుండి తఱిమినదను ధ్వని యందున్నది. ఇక బ్రతికి బయటపడినవారికి గౌరవముగల పేరొక్కటియు మన వాడుకలో లేదు. పేరు లేనివానికి సభలో పీట యెవరు వేయుదురు?

చట్టమును జిరకాల మట్లే నడచెను. 1860వ సంవత్సరపు భారతశిక్షాస్మృతిలోని 309వ సెక్షను ఆత్మహత్యాప్రయత్నమును నేరముగా నిర్ణయించి, ఒక సంవత్సరము వఱకు కారాగారశిక్ష విధింపవచ్చునని చెప్పెను. ఇంగ్లండులో 1961లోనే యిట్టి శిక్ష రద్దయ్యెను. అచ్చటి పాలకులు మనకు దెచ్చిపెట్టిన చట్టము మాత్రము వారు విడిచిన పిమ్మటగూడ మనలను విడువలేదు. 1994లో మన సుప్రీముకోర్టు ఆ సెక్షను చెల్లదనెను. 1996లో మఱియొక తీర్పున చెల్లుననెను. తుదకు 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదీని అమలులోనికి వచ్చి, అట్టి ప్రయత్నము చేసినవారు తీవ్రమైన మనఃక్లేశములో నున్నట్లు భావింపవలెనే గాని శిక్షింపరాదనియు, వారికి చికిత్సయు పునరావాసమును గల్పించుట ప్రభుత్వధర్మమనియు శాసించెను. 2024 జూలై 1వ తేదీని అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత 309వ సెక్షను లేదు; ప్రభుత్వోద్యోగిని తన విధి చేయనీయకుండ నిర్బంధించుటకై చేయు ప్రయత్నము మాత్ర మందు నేరముగా మిగిలియున్నది. అనగా నూటయేబది సంవత్సరములకు పైగా మన దేశమున బ్రతికి బయటపడినవాడు సాక్షి కాడు, ముద్దాయి. ముద్దాయి నోరు విప్పునా? ఇంటివారు విప్పనిత్తురా? అనుభవసాక్షులు మాటలాడరని నిందించుటకు ముందు వారి నోటికి తాళము వేసిన దెవరో విచారింపవలయును.

పాశ్చాత్యదేశములలో నీ శాస్త్ర మెట్లు పెరిగినదో సంగ్రహముగా జెప్పుదుము. 1897లో ఎమీల్ దుర్ఖీమ్ అను ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు యూరపు రాజ్యముల లెక్కలను పరిశీలించి, ఆత్మహత్య వ్యక్తిదోషము మాత్రమే కాదనియు, సంఘబంధముల బిగువు సడలింపులతో దానికి సంబంధము కలదనియు నొక గ్రంథమున నిరూపించెను. 1949లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున ఎడ్విన్ ష్నైడ్మన్ అను మనస్తత్త్వజ్ఞుడు మరణవిచారణాధికారి కార్యాలయములో నిలువయున్న, చనిపోయినవారు వ్రాసిపెట్టిన వందలకొలది లేఖలను గనుగొని పరిశోధన ప్రారంభించెను. 1958లో నాయన తన మిత్రులతో గలిసి యచ్చట నొక నివారణకేంద్రమును, 1968లో అమెరికా ఆత్మహత్యాశాస్త్ర పరిషత్తును స్థాపించెను. ఈ మహనీయుల కృషిని మేము తక్కువచేయువారము కాము. పాపమనియు పిచ్చియనియు లోకము త్రోసివేసిన దుఃఖమును విచారణకు దగినదిగా జేసినవారు వారే. కాని యొక లోపము తొలినుండియు నందు గలదు. ఒకరికి మనుష్యు డొక యంకె. మఱియొకరికి నొక లేఖ. అంకె మాటలాడదు, లేఖ యెదురుప్రశ్నకు బదులు చెప్పదు. బ్రతికియున్నవారు తరువాత పరిశోధనలోనికి వచ్చినపుడును రోగులుగా వచ్చిరి, బదులు చెప్పువారుగా వచ్చిరి, అడుగువారుగా రాలేదు. అంతేకాక కొన్నివేళల బదులు చెప్పు నధికారమును లేకపోయెను. దిగులుజబ్బు మందులను పరీక్షించునపుడు చావుతలంపు బలముగా నున్నవారిని చేర్చుకొనకుండుట చిరకాలము వాడుకగా నుండెను. వారికి హాని కలుగునేమో యను భయము మంచిదే. కాని దాని ఫలితమేమి? ఏ మందు ఎవరికి మిక్కిలి యవసరమో వారియందు దాని గుణ మెట్టిదో తెలియకపోయెను.

ఇచ్చట మన ప్రాచీనుల మాట యొకటి స్మరింపదగియున్నది. గౌతముని న్యాయదర్శనమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పబడినవి. శబ్దమనగా ఆప్తుని యుపదేశము. ఆప్తు డెవడు? దీనికి భాష్యకారుడైన వాత్స్యాయనుడు చెప్పిన లక్షణము మిక్కిలి గమనింపదగినది. విషయమును సాక్షాత్తుగా నెఱిగినవాడును, ఎఱిగినదాని నెఱిగినట్లు తెలుపగోరువాడును ఆప్తుడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యనియు నాయన స్పష్టపఱచెను. పుట్టుక గాని పీఠము గాని పట్టము గాని యిందు గణనకు రాలేదు. సాక్షాత్తుగా నెఱుగుటయు, నిజము చెప్పగోరుటయు నను రెండు గుణములే చాలినవి. తెలుగువాడుకలో ఆప్తులనగా దగ్గఱిబంధువులు, హితులు. మన ప్రస్తుతవిషయమున నీ రెండర్థములు నొక్కచోటనే కలిసినవి. కుమారుని బోగొట్టుకొన్న తల్లి వానికి రెండువిధముల నాప్తురాలు. ఆమెనుండి వాంగ్మూలము పుచ్చుకొని, సంతకము చేయించుకొని, ఆ పిమ్మట ఆమె లేని గదిలో గూర్చుండి యామె కుమారుని మరణమును గూర్చి సిద్ధాంతములు చేయుట ఏ ప్రమాణమునకు లోబడిన పని?

సాక్షాత్తుగా నెఱిగినవారు పరిశోధకులైనచో నేమగునో చూపుట కొక యుదాహరణము చాలును. 1961లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున నొక మానసికవైద్యాలయములో మార్షా లైనహన్ అను 17 సంవత్సరముల బాలికను జేర్చిరి. తన్ను దాను గాయపఱచుకొనుచు చావు గోరుచుండెడి యా బాలికను రెండు సంవత్సరములకు పైగా నచ్చట నుంచిరి. నాటి చికిత్సలు ఆమెకు మేలు చేయలేదు. బయటికి వచ్చిన పిదప నామె మనస్తత్త్వశాస్త్రము నభ్యసించి, వాషింగ్టను విశ్వవిద్యాలయమున నాచార్యురాలై, తనవంటివారికై యొక చికిత్సాపద్ధతిని నిర్మించెను. రోగి యున్న స్థితిని ఉన్నట్లుగా నంగీకరించుట, అంగీకరించుచునే మార్పునకై పాటుపడుట యను రెండును గలియుట ఆ పద్ధతికి ప్రాణము. నీ బాధ బాధయే కాదని చెప్పువాని మాట యెవడును వినడు. నీ బాధకు మార్పే లేదని చెప్పువాని వలన నుపకారము లేదు. ఈ రెంటి నడిమి త్రోవ దెలిసినవా రా త్రోవన నడచినవారే. 1991లో ప్రకటింపబడిన పరీక్షలో నీ చికిత్స పొందిన స్త్రీలు, సామాన్యచికిత్స పొందినవారికంటె తక్కువమారులు తమ్ము హింసించుకొనిరనియు, ఆస్పత్రులలో తక్కువదినము లుండిరనియు దేలెను. తన కథను మాత్ర మామె లోకమునకు 2011లో గాని చెప్పలేదు. చెప్పినది తన్ను దొలుత నుంచిన యా వైద్యాలయముననే. తన చేతులమీది మచ్చలను జూచి, మీరును మాలో నొకరా యని యడిగిన రోగి ప్రశ్న యామెను గదలించినదట.

ఈ కథలో రెండు పాఠములు గలవు. మొదటిది: ఏమి వెదకవలెనో యనుభవము చెప్పెను, దొరికినది నిజమా కాదా యని పరీక్ష తేల్చెను. అనుభవము శాస్త్రమునకు శత్రువు కాలేదు, కన్నయ్యెను. రెండవది మఱింత బాధాకరమైనది: అట్టి విదుషీమణి యేబదియేండ్లు మౌనము వహింపవలసివచ్చెను. ముందే చెప్పియుండినచో నామె వ్రాసినదానిని శాస్త్రమని యెందఱు చదివియుందురు, రోగిమాట యని యెందఱు ప్రక్కన బెట్టియుందురు? ఆమెకు ముందుగా కే జేమిసన్ అను మఱియొక యాచార్యురాలు తన చిత్తవ్యాధిని, ఆత్మహత్యాప్రయత్నమును గూర్చి 1995లో గ్రంథము వ్రాసి ధైర్యము చూపెను. ఆస్ట్రేలియాలో డేవిడ్ వెబ్ అను నాయన తాను స్వయముగా మృత్యుముఖమునుండి వచ్చినవాడై, ఈ విషయముననే విశ్వవిద్యాలయ పరిశోధన చేసి, 2010లో ప్రకటించిన గ్రంథమున, ఈ శాస్త్రములో ‘నేను’ అని పలుకు గొంతు వినబడుట లేదని యెత్తిచూపెను. 1968లో పుట్టిన అమెరికా పరిషత్తు ప్రయత్నించి బ్రతికినవారికి ప్రత్యేకశాఖ నేర్పఱచినది 2014లో. అనగా 46 సంవత్సరములకు. ఆ యేడే యచ్చటి జాతీయ నివారణ సంఘమువారు అట్టి సాక్షులే కూర్చుండి వ్రాసిన నివేదికను ప్రకటించిరి. ఆలస్యమైనను మార్గము తెఱవబడినది.

సాక్షుల నడిగినచో లెక్కలుగూడ మాఱునని చూపుట కొక నిదర్శనము. ఒక్క యాత్మహత్య వలన నెందఱు బాధితులగుదురు? ష్నైడ్మన్ ఆరుగురని యూహించెను. అది లెక్కించి చెప్పినమాట కాదు. కాని యనేకసంవత్సరములు లెక్కవలెనే చెలామణి యయ్యెను. తరువాత జూలీ సెరెల్ అను నామెయు సహచరులును జనుల నడిగి చూడగా, ఒక్కొక్క మరణము సుమారు 135 మందిని స్పృశించుచున్నట్లు తేలినదని 2018లో ప్రకటించిరి. అందఱకును సమానమైన దుఃఖ ముండదనుట నిజమే. కాని ఆరునకును నూటముప్పదియైదునకును గల యంతర మెంత! ఆ నడుమ నున్నవారందఱు, స్నేహితులు, తోడివిద్యార్థులు, పొరుగువారు, పాఠము చెప్పిన యుపాధ్యాయుడు, లెక్కలో లేనందున నోదార్పునకును నోచుకొనలేదు.

ఇక మా వాదముపై వచ్చు నాక్షేపములను విచారింతము. దుఃఖించువాని బుద్ధి దుఃఖముచే గప్పబడియుండును. అట్టివాడు నిష్పక్షపాతముగా విచారింపజాలడని కొందఱందురు. ఇందు గొంత నిజము కలదు. ఆప్తుడు తా నెఱిగినదానియందే ఆప్తుడు. తన కుమారు డెట్లు పోయెనో యెఱిగిన తల్లి, అందఱి కుమారులు నెట్లు పోవుదురో యెఱుగదు. బ్రతికినవారు చనిపోయినవారి ప్రతినిధులును గారు. బ్రతుకుటయే వారిని కొంత వేఱుచేసినది. కావుననే లెక్కలు వలయును, పరీక్షలు వలయును, ఒకరి మాటను పదుగురి మాటలతో సరిచూచుట వలయును. కాని పక్షపాతము దుఃఖితునకే పుట్టినదా? తాను నమ్మిన సిద్ధాంతముపై పరిశోధకునకు లేదా? తన యాస్పత్రి పేరుపై వైద్యునకు లేదా? తన పట్టికపై నధికారికి లేదా? ఒకరి పక్షపాత మొకరికి గనబడుటకే పలువురు కలిసి కూర్చుండవలెను గాని, ఒక్క తెగవారిని మాత్రము వెలివేయుట పరిష్కారము కాదు.

మానినగాయమును గెలికిన ట్లగునుగదా, చావుమాట యెత్తినచో చావుతలంపు పుట్టునుగదా యని మఱికొంద ఱందురు. మన యిండ్లలో నీ భయము మిక్కిలి బలముగలది. ఈ భయమును పరీక్షించి చూచినవారు గలరు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఆరు పాఠశాలలలో 2,342 మంది విద్యార్థులపై జరిపి 2005లో ప్రకటించిన పరిశోధనలో, ఆత్మహత్యను గూర్చి ప్రశ్నింపబడినవారికి ప్రశ్నింపబడనివారికంటె క్లేశము గాని చావుతలంపు గాని హెచ్చలేదని తేలెను. అదివఱకే ప్రయత్నము చేసియున్నవారికి ప్రశ్న వలన గొంత యుపశమనమే కలిగినట్లు గానబడెను. ఎట్లు మాటలాడవలెననునది మాత్రము ముఖ్యము. మరణవిధానమును వర్ణించి, చావును సాహసముగనో పరిష్కారముగనో చూపు వ్రాతలు హానికరములని యనేక పరిశోధనలు చెప్పుచున్నవి. దీనికి ప్రతియైన మాటయు గలదు. ఆస్ట్రియాలో పత్రికావ్రాతలను పరిశీలించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, కష్టదశను దాటి బ్రతికినవారి వృత్తాంతములు వెలువడిన పిమ్మట నాత్మహత్యలు తగ్గుట గానబడెను. మొజార్టు సంగీతనాటకములో చావబోయి, తోడివారి మాటచే బ్రతుకుత్రోవ జూచిన పపగేనో యను పాత్రపేరిట పండితు లా ఫలితమును పిలుచుచున్నారు. కావున ప్రమాదము మాటలో లేదు, మాట తీరులో నున్నది. తీరు నెఱిగినవా రెవరు? ఏ మాట గుచ్చినదో, ఏ మాట నిలబెట్టినదో యనుభవించిన సాక్షులే కదా.

మూడవ యాక్షేపము పైకి రాదు, లోపలనే యుండును. వీరిని పిలిచి కుర్చీ వేసి, ఫొటో తీయించి, నివేదిక మొదటిపుటలో వారి సహకారమునకు కృతజ్ఞతలు వ్రాసినచో చాలునుగదా యనునది. 1969లో షెఱీ ఆర్న్‌స్టైన్ అను నామె ప్రజలకు పాలనలో గల పాలును ఎనిమిదిమెట్ల నిచ్చెనగా జూపెను. క్రిందిమెట్లలో జనులు మోసగింపబడుదురు. నడిమిమెట్లలో వారి మాటలు వినబడును గాని లెక్కకు రావు. పైమెట్లలోనే నిర్ణయాధికారము వారిచేతిలో నుండును. ఈ నిచ్చెన నగరపాలనమునకై చెప్పబడినదైనను పరిశోధనాసభలకును సరిపోవును. నడిమిమెట్టుపై నిలిపి పైమెట్టున నున్నావని నమ్మించుట పిలువకుండుటకంటెను గొప్ప యపచారము.

ఈ పాఠము తెలుగుదేశమునకు గ్రొత్తది కాదు. 1997-98లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తిపంట చెడిపోయి యనేకులైన రైతులు ప్రాణములు దీసికొనిరి. 2004లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము జయతీ ఘోష్ అధ్యక్షతన రైతుసంక్షేమమును విచారించుటకు కమిషను నియమించెను. ఆ యేడే 421వ నంబరు జీవోచే మృతుల కుటుంబములకు సహాయము నిర్ణయించెను. సహాయము మంచిదే. కాని యందు విధవకు దక్కిన స్థాన మెట్టిది? పాసుపుస్తకము చూపవలెను, అప్పుకాగితములు చూపవలెను, శవపరీక్ష నివేదిక చూపవలెను. అధికారుల సంఘము విచారించి యతడు రైతో కాదో, అతనిది వ్యవసాయపు చావో కాదో తేల్చవలెను. కౌలుకు దున్నినవాని పేరు పాసుపుస్తకమున నుండదు. వడ్డీవ్యాపారి యిచ్చిన యప్పునకు కాగిత ముండదు. జీవితమంతయు పొలములో వంగి పనిచేసిన స్త్రీ పేరిట సాధారణముగా పొలమే యుండదు; ఆమె పోయినచో రైతు పోయినట్లే కాదు. అంతయు నెఱిగిన యా విధవ సంశయింపబడు నర్జీదారు. ఏమియు నెఱుగని కాగితము సాక్షి! ఆమెను ప్రశ్నలు నిర్ణయించు చోట గూర్చుండబెట్టినచో, అప్పెంత యని మాత్రమే యడుగదు. అప్పువాడు నలుగురిలో నేమాట యనిపోయెను, ఆ వారమున నింటికి వచ్చి పలుకరించినవా రెవరు, భర్త నిద్రమాని యెన్నిదినము లయ్యెను అని యడుగునని మేము నమ్ముదుము. నివారణకు దారి యట్టి ప్రశ్నలలో నున్నది.

సంఘసంస్కరణచరిత్రము నెఱిగినవారికి దీని భావము వెంటనే తెలియును. 1829లో సహగమనము నిషేధింపబడుటకు ముందును వెనుకను వాదమంతయు చాలవఱకు శాస్త్రవాక్యములపై నడచెను. చితిదగ్గఱ నిలిచిన స్త్రీ యేమనుకొన్నదో విచారించినవారు తక్కువ. వితంతుదుఃఖమును వితంతువే యెత్తి చెప్పి, వితంతువే సంస్థను నడపిన కాలమున గాని యా ప్రశ్నకు నిండుదనము రాలేదు. పండిత రమాబాయి 1882లో భర్తను గోల్పోయినది. 1889లో బొంబాయిలో శారదాసదనమును స్థాపించినది. ఆమెకు బాలవితంతువులు దయకు పాత్రములగు వస్తువులు గారు, తనవంటి మనుష్యులు. దయ పైనుండి క్రిందికి ప్రవహించును. సాహచర్యము సమతలమున నడచును. ఈ భేదమే మా వ్యాసమున బోధింపదలచిన ధర్మము.

అయిన నాహ్వానమే హింస కాకుండ జూచుకొనవలయును. సాక్ష్యము చెప్పుట హక్కే గాని ఋణము గాదు. మౌనముగా నుండగోరువారి మౌనమును గౌరవింపవలయును. వచ్చినవారు తమ గాయమును ప్రతిసభలోను విప్పి చూపనక్కఱలేదు; వారి వివేకమును వినుటకు వారి రక్తమును జూడనేల? ఎప్పుడు గావలసిన నప్పుడు లేచిపోవు స్వేచ్ఛ యుండవలయును. సభ ముగిసినరాత్రి మనసు కలగినచో మాటలాడుటకు మనిషి యుండవలయును. ఆచార్యునకు జీతము, గుమాస్తాకు జీతము, సాక్షికి మాత్రము కృతజ్ఞత యనుట న్యాయము గాదు. ధనికుల యింటి యింగ్లీషు చదివిన సాక్షి యొక్కరితో సరిపుచ్చుకొనరాదు; కూలివాడలనుండియు, కౌలురైతుల యిండ్లనుండియు, హాస్టళ్లనుండియు రావలయును. వారిచ్చిన జ్ఞానమువలన దేలిన ఫలితమును మొదట వారికే తెలుపవలయును.

మన చట్టమునందే దీనికి బీజము కలదు. 2017వ సంవత్సరపు చట్టము కేంద్ర మానసికారోగ్య ప్రాధికారసంస్థలో మానసికవ్యాధి ననుభవించిన, అనుభవించుచున్నవారి పక్షమున నిద్దఱును, వారిని సంరక్షించువారి పక్షమున నిద్దఱును సభ్యులుగా నుండవలెనని విధించెను. 2022 నవంబరులో ప్రకటింపబడిన జాతీయ ఆత్మహత్యా నివారణ వ్యూహము 2030 నాటికి మరణములను నూటికి పదివంతున తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొనెను. లక్ష్యము మంచిది, దానిని జేర్చు త్రోవను గీయునపుడు, త్రోవ తప్పి తిరిగివచ్చినవారి నడుగుట వివేకము.

ఇదంతయు ప్రభుత్వములకును విశ్వవిద్యాలయములకును జెప్పవలసినమాట గదా, గృహస్థులమైన మాకేల యని పాఠకులు తలంపవచ్చును. పరిశోధనయన్నది ప్రయోగశాలలోనే మొదలుకాదు. కొడుకు పరీక్ష తప్పి గది తలుపు మూసికొన్ననాడు, కోడలు పదిదినములుగా సరిగా నన్నము తిననినాడు, ఏమి నీ బాధ యని యడుగుటయే పరిశోధనకు మొదటిమెట్టు. చావవలె ననిపించుచున్నదా యని సూటిగా, మెల్లగా నడుగవచ్చును. అడుగుట వలన హాని లేదని పైన జెప్పియున్నాము. అడిగి, బదులు పూర్తియగువఱకు నోపికతో వినవలయును. తమకు సాధ్యము గానిచో 2022 అక్టోబరు 10వ తేదీని ప్రారంభమైన టెలీమానస్ అను ప్రభుత్వసహాయకేంద్రమునకు 14416 అను నంబరుతో టెలిఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఇక నే యింటనైన నట్టి మరణము సంభవించినపుడు, ఆ యింటివారిని పలుకరించుటకు సంకోచింపరాదు. చనిపోయినవాని పేరెత్తరాదని మనము నోరు మూసికొందుము. ఆ పేరును మన నోట వినుటకై వాని తల్లి యెదురుచూచుచుండును.

ఎఱిగినవారిని విడిచి యెఱుగనివారిచే ధర్మనిర్ణయము చేయించుకొన్న సంఘము తన కన్నులను దానే మూసికొన్నది. సాక్షులు మన యిండ్లలోనే యున్నారు. వారు మాటలాడుటకు సిద్ధముగా నున్నారా యనునది రెండవ ప్రశ్న. మనము వినుటకు సిద్ధముగా నున్నామా యనునది మొదటి ప్రశ్న. దానికి బదులు మనమే చెప్పవలయును.